సలోమమ్మ అంగట్లో రెండు రాతి కూసాలు

1996లో మదనపల్లె బస్టాండు వెనక వీధిలో నాకొక చిన్న ఆఫీసు ఉండేది. మిద్దె మీద ఒకే గది. ఇళ్ళకు ప్లాన్లు గీసేవాణ్ణి, స్లాబు వేసే రోజు దగ్గరుండి చూసేవాణ్ణి, పాత కట్టడాలు పరీక్షించి స్టెబిలిటీ సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ణి. ఈ కట్టడం ఇప్పట్లో కూలదు అని ఇంజనీరు సంతకం పెట్టి ఇచ్చే కాగితం అది. మనిషికి ఏ డాక్టరూ అలాంటి కాగితం ఇవ్వడు. మేం మాత్రం రాయికీ మట్టికీ ధైర్యంగా ఇచ్చేస్తాం.

పొద్దున పుంగనూరు, మధ్యాహ్నం మళ్ళీ మదనపల్లె, మధ్యలో వీలు చూసుకుని కుప్పం. బస్సుల్లోనే సగం వయసు అయిపోయింది. ఎక్కడికి పోయినా అడిగేది ఒకటే. పాత మిద్దె పడగొట్టాలి, పిల్లర్లు లేపాలి, ముందర ఇనప షట్టర్లు పెట్టాలి. ఒకే బొమ్మను ఊరూరా గీసీ గీసీ నాకే మొహం మొత్తింది. ఇంటికొచ్చి అన్నం తింటూ నిద్రపోయిన రోజులున్నాయి.

పుంగనూరులో ఒక్క పాత బజారు మాత్రం ఈ వరసలో చేరలేదు. దాని చరిత్ర ఎవరూ రాసి పెట్టలేదు. నాకు తెలిసిందంతా అక్కడి ముసలి వర్తకులు చెప్పిందే. జమీందార్ల కాలంలో సంతకొచ్చే బండ్లు నిలిచేందుకు వీధిని వెడల్పుగా వదిలి, రెండు పక్కలా అంగళ్ళు కట్టించారట. నిమ్మనపల్లె వైపునుంచి చెనిక్కాయలు, గుర్రంకొండ వైపునుంచి చింతపండు, బెల్లం వచ్చేవట. ప్రతి అంగడి ముందూ పొడుగాటి అరుగు. మా వైపు దాన్ని జగిలి అంటారు. తలుపులకు బదులు నిలువు పలకలు. పొద్దున ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చి, సాయంత్రం మళ్ళీ వరసలో దూరుస్తారు. పైన దూలాలు, వాటిమీద అడ్డంగా దంతెలు, వాటిమీద చవుడు పరిచిన మట్టి మిద్దె. ఏటా వానలకు ముందు కొత్త చవుడు చల్లి తొక్కకపోతే మిద్దె కారుతుంది.

ఊరివాళ్ళకు పాతదనం మీద ప్రేమ ఉండబట్టే ఆ వీధి మిగిలిందని తర్వాత చాలామంది అన్నారు. ప్రేమా లేదు, దోమా లేదు. వరసలో ఉన్న అంగళ్ళన్నిటికీ పక్కగోడలు పొత్తువి. ఒకరు పడగొట్టాలంటే అటువాడూ ఇటువాడూ ఒప్పుకోవాలి. అటువాడితో మాటల్లేవు, ఇటువాడితో కోర్టు. అందుకని ఎవరూ ఏదీ ముట్టుకోలేక వీధి అట్లాగే నిలిచిపోయింది.

ఆ ఏడు వానలు ముదిరే రోజుల్లో సలోమమ్మ నా ఆఫీసుకొచ్చింది. పాత బజారులో బట్టలు కుట్టేది. రవికలు, బడిపిల్లల యూనిఫారాలు. భర్త మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి, చనిపోయే ముందు ఆమెకు మిగిల్చింది ఆ చిన్న అంగడి ఒక్కటే. పిల్లలు లేరు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే విషయం చెప్పింది.

“సార్, నా నెత్తిమింద దూలం వంగతా ఉండాది. ఒకసారి వచ్చి సూస్తారా?”

“ఎందుకు వంగుతోందో ఏమైనా తెలుసా అమ్మా?”

“తెలిస్తే మీకాడికి యాలొస్తాను సార్?”

ఆ మాట అని ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. మరునాడు పోయి చూశాక నవ్వు పోయింది. దూలం కింద ఆ చివరనుంచి ఈ చివరకు ఆమె దగ్గరి దారమే బిగించి కట్టాను. దారం తిన్నగా ఉంటుంది కాబట్టి దూలం ఎంత దిగిందో కంటికి కనబడుతుంది. మేం దీన్ని డిఫ్లెక్షన్ అంటాం. నడుమ దగ్గర దూలం దారాన్ని దాటి కిందికొచ్చేసింది. కత్తిరించి పెట్టిన బట్టల మీద పైనుంచి మట్టి రాలుతోంది. ఆమె దాన్ని దులిపి, మళ్ళీ కుట్టుకుంటోంది.

నన్ను ఇంకా తికమక పెట్టింది వేరే ఉంది. ఆ దూలం ఆమె అంగడితో ఆగలేదు. రెండు పక్కగోడల్లోనూ దూరి అవతలికి పోయింది. కుడిపక్క అంగడిలోకి పోయి చూస్తే అక్కడా అదే మాను. ఎడమపక్కకు పోయి చూస్తే అక్కడా అదే. మూడు అంగళ్ళ మీదా ఒకే దూలం.

ఎడమ అంగడి నారాయణప్పది. మోకులు, పగ్గాలు, గోతాలు, టమోటా గంపలు అమ్ముతాడు. కుడి అంగడి ఆయన తమ్ముడు రమణప్పది. ఇత్తడి, స్టీలు సామాన్లు. తండ్రి కాలంలో మూడూ కలిసి ఒకటే పెద్ద అంగడి. తండ్రి పోయాక భాగాలు పంచుకున్నారు. ఇద్దరికీ మధ్య ఒకే గోడ ఉంటే దానికోసం ఎప్పుడైనా మాట్లాడుకోవాల్సి వస్తుందని, నడిమి భాగాన్ని బయటివాళ్ళకు అమ్మేశారు. ఆ బయటివాడు సలోమమ్మ భర్త.

నారాయణప్ప అంగట్లో మూలన నగిషీ చెక్కిన ఒక పెద్ద కొయ్య కంబం ఆనించి ఉంది. దానికి మోకులు చుట్టి పెట్టాడు.

“ఈ కంబం ఎక్కడిదప్పా?” అని అడిగాను.

“మా నాయన కాలందే సార్. అంగట్లో నడాన రెండు నిలబడి ఉండె. భాగాల్లో నాకొకటి వచ్చె, వాడికొకటి పాయె.”

“దూలాన్ని మోస్తున్న కంబాలు కదా అవి?”

“మోస్తా ఉండె. ఆడ గోడలు కట్టిస్తిమి గదా సార్. ఇంగ కంబాలకు ఏం పని?”

రమణప్ప భాగానికి వచ్చిన కంబం ఆయన అంగట్లో పడుకుని ఉంది. దానిమీద బిందెలు వరసగా పేర్చాడు. చెంచాతో సహా సమంగా పంచుకున్న అన్నదమ్ములు మిద్దెను మోసే కంబాలను కూడా చెరొకటి తీసుకుని, వాటి స్థానంలో పచ్చి ఇటుకతో మట్టిగోడలు లేపేశారు. అవి మనుషుల్ని విడదీసే గోడలు. బరువు మోసే గోడలు కావు. ఏళ్ళ తరబడి మిద్దె కారి, తడికి ఆ ఇటుకలు పిండైపోతున్నాయి. బరువంతా నడుమకు దిగుతోంది. నడుమన కుట్టుమిషను ముందు సలోమమ్మ కూర్చుని ఉంది.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. ముందు ప్రాపింగ్ చేయాలి, అంటే మూడు అంగళ్ళలోనూ ఒకే రోజు దూలం కింద తాత్కాలికంగా ఊతాలు పెట్టాలి. తర్వాత గోడల్లో పాత చోట్లనే ఆ రెండు కంబాలూ నిలబెట్టాలి. కంబాలు కళ్ళెదుటే ఉన్నాయి. అన్నదమ్ములు తలుపులు తెరిస్తే చాలు. నేను అమాయకంగా ఒక వారంలో అయిపోతుందనుకున్నాను.

నారాయణప్ప దగ్గరికి పోతే, “వాడి కంబం వాణ్ణి ముందు తెమ్మనండి సార్. నా కంబం యాడికీ పోదు” అన్నాడు.

రమణప్ప దగ్గరికి పోతే కూర్చోబెట్టి మర్యాద చేసి, అసలు సంగతి చెప్పాడు. “సార్, మీకు తెలీదు. అన్నీ పంచుకుంటిమి, పొత్తు ఏమీ లేదని పెద్దమనుసుల ముందర ఒప్పుకుంటిమి. ఇప్పుడు దూలం పొత్తుదే అని ఇద్దరం దానికింద చెయ్యి పెడితే భాగాలు మళ్ళా మొదటికొస్తాయి. రేపు మా యన్న అంగడి కూడా పొత్తే అంటాడు.”

“అది ఆమె మీద కూలిపోతే?”

“కూలకుండా సూడనే గదా మీరొచ్చింది.”

అన్నదమ్ముల చుట్టూ తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి. బజారు పెద్దల్ని పిలిచి మాట్లాడిస్తే, వాళ్ళు కాఫీ తాగి, ఇద్దరిదీ న్యాయమే అని చెప్పి పోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంజనీరింగ్ కాలేజీలో ఉక్కు గురించీ సిమెంటు గురించీ చెప్పారుగానీ, ఒకే దూలం కింద కూర్చుని పదేళ్ళు మాట్లాడుకోని మనుషుల గురించి ఎవరూ ఒక్క పాఠం చెప్పలేదు. ఈలోగా ముసురు పట్టుకుంది. దారం కట్టి చూసినప్పుడల్లా దూలం ఇంకాస్త దిగుతూనే ఉంది.

ఇక వాళ్ళ అనుమతి అక్కరలేని దారి ఒకటే మిగిలింది. సలోమమ్మ నేల మీదే, ఆమె నాలుగు గోడల లోపలే, రెండు రాతి కూసాలు, అంటే నిలువు రాతి స్తంభాలు, నిలబెట్టి దూలాన్ని ఎత్తి పట్టడం. గోడల పక్కనే గుంత తవ్వితే ఆ పచ్చి ఇటుకలు జారిపోతాయి. కాబట్టి కూసాలు గోడలకు బాగా ఎడంగా, అంగడి నడుమకు రావాలి. అంగడి అసలే ఇరుకు. బట్ట పరిచి కత్తిరించే పెద్ద బల్ల ఆమెకు ఉండేది. కూసాలు వస్తే ఆ బల్ల పట్టదు.

ఇది ఆమెకు చెప్పడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఐనా చెప్పాను.

“బల్ల లేకుంటే గుడ్డ యాడ కత్తిరించేది సార్?” అంది.

“నేల మీద కూర్చుని కత్తిరించుకోవాలమ్మా. వాళ్ళిద్దరికీ ఎప్పటికైనా బుద్ధొస్తే కూసాలు తీసేస్తాను. అప్పుడు బల్ల మళ్ళీ వేసుకోవచ్చు.”

“వాళ్ళిద్దరూ కొట్లాడుకోని, నడాన నేను మోయల్నా?”

ఆమె పైకి చూసింది. ఒడిలో రాలిన మట్టిని దులుపుకుంది.

“పెట్టండి సార్. కూలితే మూడంగళ్ళూ పోతాయి. వాళ్ళకు పొలాలుండాయి, ఇండ్లుండాయి. నా బతుకు ఈడనే.”

అప్పట్లో కుప్పం దగ్గర శాంతిపురంలో నాకొక పని నడుస్తోంది. అక్కడి క్వారీనుంచి రెండు కూసాలు ఏరి లారీలో తెప్పించాను. మేస్త్రి గుంతలు తీసి పునాది పోశాడు. స్క్రూ జాకీలతో దూలాన్ని మెల్లమెల్లగా ఎత్తాం. తొందరపడితే పాత మాను పగిలిపోతుంది. ఒక్క చుట్టు తిప్పి ఆగడం, చెవి పెట్టి వినడం, మళ్ళీ ఒక్క చుట్టు. కింద కూసాలు నిలబెట్టి, పైన రాయికీ దూలానికీ మధ్య సందు బిగిసేలా గట్టి చెక్క ఆప్పులు దిగ్గొట్టాం. అంతసేపూ అన్నదమ్ములిద్దరూ ఎవరి జగిలి మీద వాళ్ళు నిలబడి చూశారు. ఒక్కడూ లోపలికి రాలేదు. మధ్యలో నారాయణప్ప టీ పంపాడు. అది చూసి రమణప్ప కూడా పంపాడు. ఒకరిది తాగి ఒకరిది కాదంటే బాగుండదని సలోమమ్మ మా అందరిచేతా రెండూ తాగించింది.

మిద్దె నిలిచింది. మూడు అంగళ్ళూ నిలిచాయి. వరసలో అవి కూలి ఉంటే వాటిని ఆనుకున్నవీ ఒకదాని వెంట ఒకటి జారేవే, అంటే వీధిలో ఆ వరసంతా ఆమె అంగట్లోని రెండు రాళ్ళ మీద నిలబడిందన్నమాట. ఆమె మిషనును తలుపు దగ్గరికి జరుపుకుంది. బల్లను ఎవరికో ఇచ్చేసింది. రెండు కూసాల మధ్య చాప పరిచి, మోకాళ్ళ మీద వంగి బట్ట కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ దారిన పోయినప్పుడల్లా పలకరించేవాణ్ణి. “ఎట్లుండారమ్మా?” అంటే, “ఉండాను సార్, మోకాళ్ళే ఉండల్యా” అనేది. కొన్నేళ్ళకు గోడ పట్టుకోకుండా లేవలేని స్థితికి వచ్చింది.

2007 వచ్చేసరికి మదనపల్లెలో పాతదంటూ కంటికి కనబడ్డం మానేసింది. అప్పుడు అందరికీ హఠాత్తుగా పుంగనూరు పాత బజారు గుర్తొచ్చింది. వర్తకులు కలిసి ఒక సంరక్షణ కమిటీ పెట్టారు. బట్టల వర్తకుడొకాయన అధ్యక్షుడు. బెంగళూరునుంచి ఒక ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, పని తెలిసిన పిల్ల. జగిలి మీద కూర్చుని చవుడు గురించి ముసలివాళ్ళను అడిగి నేర్చుకునేది. బాగుచేతకు డబ్బు సాయం చేసేవాళ్ళను కూడా ఆమే వెతికి తెచ్చింది. వాళ్ళు పెట్టిన షరతు ఒకటే. ఉన్నది ఉన్నట్టే ఉండాలి. చెక్క పోతే చెక్క పెట్టాలి, రాయి పోతే రాయి పెట్టాలి, కనబడేది ఏదీ తీసేయకూడదు. కొలతలు తీయడానికి నన్ను పిలిచారు.

అదే సమయానికి అన్నదమ్ములు కూడా దిగొచ్చారు. గొప్ప కారణం ఏమీ లేదు. ముసలివాళ్ళయ్యారు. నారాయణప్ప నాతో, “కోపం ఉండాది సార్. దాన్ని మొయ్యను ఒంట్లో సత్తువ లేదు. వాడొస్తే రానీండి” అన్నాడు. పాత కంబాలు అప్పటికి చెదలు తిని పనికిరాకుండా పోయాయి. వాటి చోట కొత్త కొయ్య కంబాలు, పైన కొత్త దూలం వేయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. కమిటీ కూడా సరేనంది. చెక్కకు చెక్క కదా.

సలోమమ్మ ముఖం వెలిగిపోయింది. అన్నేళ్ళలో ఆమెను అట్లా చూడలేదు. పని మొదలుకాకముందే వడ్రంగిని పిలిచి కొత్త బల్లకు కొలత ఇచ్చేసింది. “కూసాలు ఎప్పుడు తీస్తారు సార్?” అని కనబడినప్పుడల్లా అడిగేది.

పని బాగా జరిగింది. ఈసారి అన్నదమ్ములు లోపలికి వచ్చారు, జాకీ దగ్గర చెరొక పక్కా నిలబడ్డారు కూడా. కొత్త దూలం బరువు కొత్త కంబాల మీద కూర్చుంది. నేను కూసాల మీది చెక్క ఆప్పులు ఊడదీశాను. రాయికీ దూలానికీ మధ్య సందులో నా నాలుగు వేళ్ళు దూరాయి. ఇక ఆ కూసాలు దేన్నీ మోయడంలేదు.

వాటిని ఎత్తడానికి కూలీలను పిలిస్తే అధ్యక్షుడు వచ్చి ఆపాడు. సాయం చేసేవాళ్ళకు పంపిన ఫోటోల్లో కూసాలు ఉన్నాయట. ఉన్నవి తీయకూడదట. ఇవి పాతవి కావయ్యా, నేను శాంతిపురంనుంచి తెచ్చి పెట్టినవి అని మొత్తుకున్నాను. ఆర్కిటెక్టు అమ్మాయి దగ్గరికి పోయి అదే చెప్పాను. ఆమె శాంతంగా వింది.

“సార్, మీరు పెట్టారని నేను నమ్ముతాను. కానీ అన్నదమ్ములు పంచుకోవడం, దూలం పొత్తుగా మిగిలిపోవడం, మీరు కూసాలు నిలబెట్టడం, ఇదంతా కూడా ఈ వీధి చరిత్రే కదా? తీసేస్తే ఆ కథ పోతుంది” అంది.

“ఆ కథ మోకాళ్ళ మీద కూర్చుని ఉందమ్మా. ఒకసారి పోయి చూడు” అన్నాను కోపంగా.

పోయి చూసింది. నిజంగానే పోయింది. తిరిగొచ్చి కమిటీని అడిగింది కూడా. కమిటీవాళ్ళు, సాయం చేసినవాళ్ళు చూసి పోయేదాకా ఏదీ కదపొద్దన్నారు. చూసి పోయారు. తర్వాత ఇంకెవరో వస్తున్నారన్నారు. వాళ్ళూ వచ్చి, ఆ కూసాల పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నేను అర్జీ పెట్టాను, మళ్ళీ పెట్టాను. చూద్దాం అన్నారు. ఆ చూద్దాం అనే మాటకు నా ఉద్యోగజీవితంలో గడువు తీరడం నేనెప్పుడూ చూడలేదు. వడ్రంగి చేసిన కొత్త బల్ల జగిలి మీద ఎండకూ వానకూ కొన్నాళ్ళుండి, చివరికి రమణప్ప అంగట్లో బిందెలకింద చేరింది.

కూసాలు ఇక తీయరని చెప్పడానికి కడపటిసారి నేనే పోయాను. ఆమె చాప మీద బట్ట పరుచుకుని ఉంది. రెండు కూసాలూ అటూ ఇటూ నిలబడి ఉన్నాయి.

“ఇవి నిజంగా ఏమీ మోస్తా లేవా సార్?” అని అడిగింది.

“లేదమ్మా. ఊరికే నిలబడి ఉన్నాయి.”

ఆమె కత్తెర పక్కన పెట్టింది. కోపంగా అనలేదు. అలిసిపోయిన గొంతుతో అంది.

“ఇన్నాళ్ళూ ఈ రాళ్ళు లేకుంటే మూడంగళ్ళూ పడిపోయేటివి, మనం మోస్తా ఉండాంలే అని మనసుకు సెప్పుకొనేదాన్ని. మోకాలు నొచ్చినప్పుడంతా అదే సెప్పుకొనేదాన్ని. ఇప్పుడేం సెప్పుకొనేది సార్?”

బయటికొచ్చి ఆ జగిలి మీద కూర్చున్నాను. ఆమె మళ్ళీ వంగి కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమె ఎన్నో ఏళ్ళు అంగడి నడపలేదు. మోకాళ్ళు పూర్తిగా పట్టేశాక పలకలు మూసేసి, నిమ్మనపల్లెలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. మూసిన ఆ పలకలు కూడా చాలా అందంగా ఉంటాయని వచ్చినవాళ్ళు అంటుంటారు.

నేనూ పని మానేశాను. పాత కట్టడాలు కాపాడాలనేవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడూ సలహాకు వస్తారు. వాళ్ళను తప్పుపట్టను. కాపాడాల్సినవే. కానీ కొలతల టేపు తీయకముందు వాళ్ళనొకటి అడుగుతాను. లోపల కూర్చుని పనిచేసుకునే మనిషి ఎవరు, ఈ గోడల్లో ఆ మనిషి తీసేయమని అడుగుతున్నది ఏది అని. చాలామందికి తెలియదు. తెలుసుకుని రండి, అప్పుడు మాట్లాడదాం అంటాను. దూలం బరువు ఎక్కడ దిగుతుందో లెక్కగట్టడం కాలేజీలోనే వచ్చింది నాకు. ఆ బరువు దిగిపోయాక కూడా మనిషిని వంచి ఉంచడం మనకు చేతనవునని పాత బజారులో తెలిసింది.